సరోజ పిన్ని పెళ్లికారు

పోయిన నెలలో దాచేపల్లిలో ఉండే స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. సిమెంటు ఫ్యాక్టరీల చలవ వల్ల ఆ ఊళ్లో తెల్లారేసరికి కిటికీ చెక్కల మీద బూడిదరంగు పొడి పల్చగా పరుచుకుని ఉంటుంది. కొంగుతో ఆ పొడి దులిపి కాఫీగ్లాసు పెట్టుకోబోతుంటే వెనకవీధిలోంచి ఒక చప్పుడు వచ్చింది. డీజిల్ ఇంజను చప్పుడు. పట్టుకుంది, టకటకమని కాసేపు ఆడింది, గొంతు సన్నబడింది, ఆగిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ ఆగిపోయింది. కాఫీ అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని ఆ చప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. సందు చివర రేకుల షెడ్డులో బనీను వేసుకున్న పెద్దాయన ఒకాయన పాత అంబాసిడర్ కారులో కూర్చుని తాళం తిప్పుతున్నాడు. ఇక సెల్ఫ్ కొట్టకండి, బ్యాటరీ దిగిపోతుంది, లైనులో ఎయిర్ ఉన్నట్టుంది అన్నాను. ఆయన నా కళ్లజోడునూ నెరిసిన జుట్టునూ కాసేపు చూసి, "మీకెట్టా తెలుసమ్మా?" అన్నాడు. స్పానరు ఇస్తే చూపిస్తానన్నాను. ఫిల్టరు మీది బోల్టు వదులు చేశాక ఆయన్ని పంపు కొట్టమంటే, తెల్లటి నురగతో డీజిల్ బుసబుసమంటూ పైకి వచ్చి నా వేళ్ల మీదుగా కారింది. ఆ వాసన తగలగానే నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకి అర్థం కాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, సబ్బు పెట్టి ఎంత రుద్దినా వదలని ఆ వాసనకి ముక్కు చిట్లిస్తూ నా స్నేహితురాలు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగింది. మా సరోజ పిన్ని పెళ్లిలో అన్నాను. తను నమ్మలేదు.

మాది పర్చూరు పక్కన ఒక పల్లెటూరు. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు, అమ్మ అదే ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆదివారాలు పాస్టరుగారు వేరే సంఘాలకి వెళ్లినప్పుడు నాన్నే వాక్యం చెప్పేవాడు. ఊళ్లో మిరపతోటలూ పత్తిచేలూ ఉన్న రైతులకే కార్లు లేని రోజుల్లో ఆయన గుంటూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర నుంచి తెల్ల డీజిల్ అంబాసిడర్ కొనుక్కొచ్చాడు. అప్పటికే దానికి బాగా వయసైపోయింది. ముందుసీటు స్ప్రింగులు ఒక పక్కకి ఒరిగిపోయి, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి మెల్లగా డ్రైవరు వైపు జారుతూ ఉండేవాడు. సీటు కుట్లలో పత్తి గింజలు ఉండేవి. ఎంత దులిపినా ఏడాది పొడుగునా ఒకటో రెండో బయటపడుతూనే ఉండేవి. ఇంటి ముందు వేపచెట్టు కింద దానికోసం తాటాకుల పాక వేశాం. అప్పటిదాకా ఆ చోట ఉన్న గేదె దొడ్లోకి మారింది. ఆ మార్పు అమ్మకీ నచ్చలేదు, గేదెకీ నచ్చలేదు.

మా ఇంట్లో పొద్దున అంటే కారు పొద్దునే. డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకంతట పలకదు. లోపల హీటరు ప్లగ్గులు వేడెక్కాలి. డ్యాష్‌బోర్డు మీద చిన్న జాలీలో ఒక తీగ ఎర్రబడేదాకా మీట లాగి పట్టుకోవాలి. దానికి నాన్న ఒక కొలత పెట్టుకున్నాడు. ఎండాకాలం అయితే పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకునేంతసేపు, చలికాలం అయితే దానికి తోడు ఒక కీర్తన. ఆయన పైకే చెప్పేవాడు. వాకిలి చిమ్మే అమ్మా, పళ్లు తోముకునే నేనూ, జడ వేసుకుంటున్న పిన్నీ ఎక్కడివాళ్లం అక్కడే ఆగి 'ఆమేన్' అనేవాళ్లం. అప్పుడు తాళం తిప్పేవాడు. ఇంజను పట్టుకుంటే సరే. పట్టుకోకపోతే ఆ రోజు ఇల్లంతా కారు చుట్టూ చేరేది.

వెనక గొట్టంలోంచి వచ్చే పొగని బట్టి నాన్న రోగం చెప్పేవాడు. తెల్లపొగ వస్తే ఇంజనుకి చలేసింది, హీటరు ప్లగ్గుల్లో ఏదో కాలిపోయింది. నల్లపొగ వస్తే తిండి ఎక్కువైంది, డీజిల్ చిమ్మే నాజిళ్లు చూడాలి, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయింది. నీలంపొగ వస్తే ఇంజనాయిలు తాగుతోంది, దానికి మనం చెయ్యగలిగింది ప్రార్థన తప్ప ఏమీ లేదు. అమ్మకి మాత్రం ఏ పొగైనా ఒకటే, తీగ మీద ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవాలి, అంతే. పత్తి సీజనులో దూది కుక్కిన బోరేల లారీల వెనకాల వెళ్లి వస్తే దూది ఎగిరొచ్చి రేడియేటరు జాలీకి దుప్పటిలా పట్టేసేది. ఇంజను ఎందుకు వేడెక్కుతోందో తెలియక మొదటి ఏడాది నాన్న నీళ్లు పోస్తూనే ఉన్నాడు. చివరికి అమ్మ ముందు జాలీలోకి తొంగిచూసి, లోపల పరుపు కుట్టుకున్నారేమిటండీ అంది. అప్పట్నుంచి పాత టూత్‌బ్రష్షుతో ఆ దూది తియ్యడం అమ్మ పని. బ్యాటరీ కొసల మీద ఉప్పులా పూసే తెల్లటి పొడికి వేణ్నీళ్లు పొయ్యడం కూడా అమ్మ పనే, ఎందుకంటే వేణ్నీళ్లు ఆవిడ పొయ్యి మీదే కాగేవి కాబట్టి.

పొయ్యి అంటే గుర్తొచ్చింది. డీజిల్ పైపులు కలిసే చోట రాగి వాషర్లు ఉంటాయి. కొన్నాళ్లకి అవి గట్టిపడి సరిగ్గా అతుక్కోవు, సందులోంచి గాలి దూరుతుంది. కొత్తవి ఎప్పుడూ దొరికేవి కావు. పర్చూరులో మెకానిక్కు మస్తాన్ నాన్నకి ఒక కిటుకు చెప్పాడు. పాత వాషర్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మెత్తబడి మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. అంతే, ఉప్మాకి తాలింపు వెయ్యబోతున్న అమ్మని పక్కకి జరగమని, నాన్న పట్టకారుతో వాషరు పట్టుకుని గ్యాసు పొయ్యి ముందు నిలబడేవాడు. అది నిప్పుకణికలా అయ్యాక గిన్నెలోని నీళ్లలో వేస్తే 'చుయ్'మనేది. ఆ గిన్నె ఏ గిన్నె అన్న దాని మీద మా ఇంట్లో జరిగిన గొడవలు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి ఉప్మా మొత్తం డీజిల్ వాసన వచ్చింది. సరోజ పిన్ని ఒక్కతే మాట్లాడకుండా తినేసి, నిమ్మకాయ పిండితే ఏమీ తెలియట్లేదక్కా అంది.

పిన్ని అమ్మకి ఆఖరి చెల్లెలు. ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊళ్లూళ్లూ తిరిగి టీకాలు వేసే ఉద్యోగం కావడంతో మా ఇంట్లోనే ఉండేది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. అంతకుముందు ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి, ఉద్యోగం మానెయ్యాలని వాళ్లు పట్టుబడితే పిన్నే వద్దనేసింది. ఆ తరవాత చుట్టాలు పిన్నితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, జబ్బుమనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. అది ఆమెకి అసలు నచ్చేది కాదు. పోలియో చుక్కల ఆదివారాలు వచ్చాయంటే మాత్రం మా కారుకీ పిన్నికీ పండగే. ఐసు పెట్టెలు డిక్కీలో పెట్టుకుని, నేను నడుపుతుంటే, నాన్న పక్కన కూర్చుని, పిన్ని వెనకసీట్లో కూర్చుని పల్లెపల్లెకీ తిరిగేవాళ్లం. మిరపకల్లాల పక్కనించి వెళ్లేటప్పుడు అద్దాలు ఎక్కించేలోపే ఘాటు లోపలికి వచ్చేసి ముగ్గురం వరసగా తుమ్ముకుంటూ వెళ్లేవాళ్లం. కారు ఎక్కడో ఒకచోట ఆగేది. ఐసు కరిగిపోయేలోపు అది కదలాలి కాబట్టి పిన్ని కూడా దిగి చెయ్యి వేసేది. ఫీడ్ పంపు పక్కన బొటనవేలంత మీట ఒకటి ఉంటుంది. దాన్ని పైకీ కిందికీ కొడుతూ ఉంటే డీజిల్ పైకి వస్తుంది. ఇంజెక్షన్లు వేసే చెయ్యి కదా, ఆ మీట పిన్ని చేతికి బాగా అలవాటైంది.

నేను నడపడం ఎలా మొదలైందో చెప్పాలి. నాన్నకి కళ్లజోడు మందం. బానెట్ లోపలికి వంగినప్పుడల్లా అది జారిపోయేది. ఒకరోజు మస్తాన్ షెడ్డులో అది ఏకంగా తిరుగుతున్న ఫ్యాను బెల్టు మీద పడి రెండు ముక్కలుగా బయటికొచ్చింది. మస్తాన్ నవ్వు ఆపుకుని, మాస్టారూ, ఆ స్పానరు కరుణమ్మకివ్వండి, మీరు పక్కన నిలబడి పాఠం చెప్పండి అన్నాడు. నేనప్పుడు బీఎడ్ చదువుతున్నాను. నాన్నకి పాఠం చెప్పడం అంటే ఇష్టం కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. పెట్రోలు బండికి కరెంటు ఎలాగో డీజిల్ బండికి నూనె అలాగ, ఆ నూనెలో గాలి కలవకూడదు, బండి ఆగిందంటే ముందు గాలి ఎక్కడ దూరిందో చూడు, మిగతావన్నీ తరవాత అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. ఆ ఏడాదే నాకు లైసెన్సు కూడా వచ్చింది.

ఆ తరవాత పిన్నికి సంబంధం కుదిరింది. ప్రభుదాసుగారు అదే ఆరోగ్యశాఖలో మలేరియా విభాగంలో పనిచేసేవారు. వాళ్లది సింగరాయకొండ దగ్గర సముద్రం పక్క ఊరు. వాళ్ల నాన్నకి చేపలబోటు ఉంది. ఉద్యోగం మానమని ప్రభుదాసుగారు అనలేదు సరికదా, ఇద్దరికీ ఒకేచోటికి బదిలీ పెట్టుకుందామా అని అడిగారు. పిన్ని ఆ రోజు వంటింట్లో అమ్మ దగ్గరికి వచ్చి, కూర కలుపుతున్నట్టు నటిస్తూ, మనిషి పర్వాలేదక్కా అంది. ఆమె అంతకంటే ఎక్కువ మాట్లాడితే అమ్మకి భయమేసేది. ఈస్టరు వెళ్లాక పెళ్లి, సింగరాయకొండ చర్చిలో పగటిపూట. పాస్టరుగారికి ఆ మధ్యాహ్నమే ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి ఉందనీ, ఆలస్యం కాకూడదనీ పెళ్లికొడుకు వాళ్లు ముందే చెప్పారు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుంటే, ఈస్టరుకి చర్చి గుమ్మానికి తోరణం కడుతూ నాన్న నిచ్చెన మీంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేశారు. పెళ్లికూతుర్ని తీసుకెళ్లే కారు ఎవరు నడపాలి అన్న మాట వచ్చింది. అమ్మ అన్నగారు, మా పెద్దమావయ్య, పొగాకు బేళ్ల వ్యాపారంలో తిరిగి తిరిగి గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి. ఆయన మంచివాడే కానీ, ఆయన గొంతు ఆయనకంటే ముందు ఇంట్లోకి వచ్చేది. నేను నడుపుతానంటే వరండాలో కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"పెళ్లికూతురి బండి ఆడపిల్ల చేతికిస్తారా బావా? అదీ ఈ బండి. దార్లో ఏదన్నా అయితే వాళ్ల ముందు తలెత్తుకోగలమా? నేను అద్దెకారు మాట్లాడతాను."

నాన్న కట్టు ఉన్న చెయ్యి చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మావయ్య అన్నదాంట్లో అబద్ధం లేదు, ఆ కారు ఎప్పుడు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు పిన్ని లోపల్నించి వచ్చింది. చేతిలో ఇస్త్రీ చేసిన తెల్లచీర ఉంది.

"నేను కరుణ కార్లోనే వెళ్తానన్నయ్యా. నన్ను అద్దెకారు ఎక్కిస్తే పర్చూరు సెంటర్లో దిగి బస్సెక్కుతా."

పిన్ని ఆయనకి ఎదురుచెప్పడం మేమెవ్వరం అంతకుముందు వినలేదు. ఆయనా వినలేదు. సరే మీ ఇష్టం అన్నాడు. పెళ్లిరోజు పొద్దున్నే చుట్టాలందర్నీ వ్యానులో ఎక్కించుకుని ముందు బయల్దేరుతూ, నేను చర్చి గేటు దగ్గరే నిలబడి ఉంటాను అని నా మొహం చూసి మరీ చెప్పి వెళ్లాడు.

ముందురోజు మస్తాన్ వచ్చి కారంతా చూశాడు. ఫ్యాను బెల్టు బిగించాడు, ఫిల్టరు మార్చాడు, బ్యాటరీ కొసలు గీకి గ్రీజు పూశాడు. నేను కారు కడిగి బానెట్ మీద బంతిపూల దండ కట్టాను. ముందుసీట్లో నా పక్కన నాన్న, వెనక అమ్మా పిన్నీ. పిన్ని తెల్లచీర, ముసుగు, చేతులకి తెల్ల గ్లౌజులు, ఒళ్లో పూలగుత్తి. ఇంకొల్లు మీదుగా ఒంగోలు దాకా కారు కిక్కురుమనలేదు. హైవే ఎక్కాక ఎర్రటి దుమ్ము మొదలైంది. రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులవి, కంకర కుప్పల మధ్య నుంచి మలుపులు తిరుగుతూ వెళ్లాలి. పిన్ని ముసుగు తీసి మడిచి అమ్మ సంచిలో పెట్టింది. అమ్మ పాట అందుకుంది, నాన్న బేసు గొంతు కలిపాడు. నా జీవితంలో అంత గర్వంగా స్టీరింగు పట్టుకున్నది మళ్లీ లేదు.

టంగుటూరు దాటాక ఆక్సిలేటరు తొక్కితే కారు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఒకసారి జంకింది. పాట ఆగింది. మళ్లీ జంకింది. తాడిచెట్ల వరస పక్కన మార్జిన్లోకి దించేసరికి ఇంజను సన్నగా మూలిగి ఆగిపోయింది. నా కళ్ల ముందు మెదిలింది చర్చి గేటు, గేటు దగ్గర మావయ్య. నాన్న నాజిల్ అయ్యుంటుందన్నాడు. కాదని నాకు తెలుసు, నాజిల్ అయితే అంత మెల్లగా గొంతు పోదు. దిగి ఫిల్టరు బోల్టు వదులు చేసి మీట కొట్టాను. నురగ. లైనులో గాలి ఉంది. నురగ పోయేదాకా కొట్టి బోల్టు బిగించి తాళం తిప్పితే పట్టుకుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. తాడిచెట్ల వరస చివరికి వచ్చేసరికి మళ్లీ ఆగింది. అంటే గాలి ఒకసారి దూరి ఊరుకోలేదు, ఎక్కడినించో దూరుతూనే ఉంది. అది ఎక్కడో కనిపెట్టకుండా ఎన్నిసార్లు తీసినా లాభం లేదు. బ్యాటరీ చూస్తే అప్పటికే నీరసంగా తిప్పుతోంది.

ఒక చేత్తో మీట కొడుతూ రెండో చేత్తో పైపు వెంబడి తడుముతూ చూస్తున్నాను, ఏదీ కుదరడం లేదు. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పిన్ని దిగింది. గ్లౌజులు తీసి పూలగుత్తితో పాటు అమ్మ చేతికిచ్చింది, కొంగు దోపింది, నా పక్కకి వచ్చి నిలబడింది.

"పంపు కొట్టడం, పైపు చూడటం రెండూ ఒక్కదానివే ఎట్టా చేస్తావే? జరుగు."

అమ్మ వద్దే సరోజా, చీరే అంటూనే ఉంది. పిన్ని చెయ్యి అప్పటికే మీట మీద ఉంది. టీకాల రోజుల్లో కొట్టినట్టే, తొందరపడకుండా ఒకే లయలో కొట్టింది. డీజిల్ బయటికి కారే చోటు కోసం నేను కళ్లు పొడుచుకుని వెతికాను, ఒక్క చుక్క తడి కూడా లేదు. అప్పుడు నాన్న కట్టు ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని నా భుజం మీదుగా వంగాడు. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు డీజిల్‌ని పీల్చుకునే పైపు, అది చిరిగితే నూనె బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది, కళ్లతో కాదు, చేత్తో వంచి చూడు అన్నాడు. పైపుని మెల్లగా వంచుతూ వచ్చాను. పంపు దగ్గర క్లిప్పు కింద వంచగానే ఫిల్టరు బోల్టు దగ్గర బుడగలు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి. వదిలితే తగ్గాయి. మళ్లీ వంచితే మళ్లీ ఎక్కువయ్యాయి. క్లిప్పు వదులు చేసి చూస్తే రబ్బరు పైపు కొస వెంట్రుకంత సన్నగా పగిలి ఉంది. నేనూ పిన్నీ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం. రోడ్డు మీద పెళ్లికూతురూ డ్రైవరూ బానెట్‌లో తల పెట్టి నవ్వుతుంటే బస్సుల్లోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

పగిలిన కొస కోసేసి, మిగిలిన పైపుని లాగి బిగిస్తే సరిపోతుంది. కొయ్యడానికి ఏమీ లేదు. తాడిచెట్టు కింద ముంజలు అమ్మే మనిషి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కత్తి అడిగితే ఇవ్వలేదు, తనే లేచి వచ్చాడు. "పెళ్లికూతురు చెయ్యి తెగిందంటే మాకు పాపం. ఇటివ్వండమ్మా" అని పైపుని తాటిమట్ట మీద ఆనించి ఒక్క వేటుకి కొస తెంపి ఇచ్చాడు. గీత పెట్టి కోసినట్టు వచ్చింది. బిగించాను. పిన్ని మళ్లీ మీట అందుకుంది. బోల్టు దగ్గర నురగ తగ్గి, బుడగలు తగ్గి, చివరికి డీజిల్ నిండుగా, అద్దంలా ఊరింది. సెల్ఫ్ కొడితే బ్యాటరీ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఇక నెట్టాల్సిందే. ముంజలాయన, ఒంటిచేత్తో నాన్న, ఆగిన లారీ క్లీనరు ఒకడు వెనక నిలబడ్డారు. అమ్మా పిన్నీ చెరో తలుపూ పట్టుకుని పక్కనించి నెట్టారు. కారు కదిలి కాస్త వేగం అందుకున్నాక సెకండ్ గేరులో క్లచ్ వదిలాను. ఇంజను ఒక్కసారిగా పట్టుకుని నల్లపొగ కక్కింది. పక్కన ఉన్నవాళ్లకి ఏమీ కాలేదు. వెనక ఉన్న నాన్న తెల్లచొక్కా మాత్రం ముందంతా మసిబారిపోయింది. ముంజలాయన అదే పొగలో నిలబడి నవ్వుతూ, నాన్న చంకలోకి ఒక ముంజల పొట్లం తోశాడు.

చర్చి దగ్గరికి వెళ్లేసరికి లోపల పాటలు పాడుతున్నారు. పెళ్లి మొదలవడానికి పాడే పాట కాదు, ఎదురుచూపులో పొద్దుపుచ్చడానికి ఒకదాని తరవాత ఒకటి పాడే పాటలు. మావయ్య చెప్పినట్టే గేటు దగ్గర ఉన్నాడు. నా చేతులు చూశాడు, నాన్న చొక్కా చూశాడు, నోరు తెరిచాడు. ఆ లోపే ముసుగూ గ్లౌజులూ సర్దుకున్న పిన్ని కారు దిగింది. "దారంతా గోతులన్నయ్యా. నేనే నెమ్మదిగా రమ్మన్నాను" అంది. మావయ్య ఆమెని కాసేపు చూసి, నోరు మూసుకుని, తన కండువా తీసి నాన్న చొక్కా కనపడకుండా భుజాల మీద కప్పాడు. పాస్టరుగారు గడియారం చూసుకుంటూనే నవ్వు మొహంతో పిలిచారు.

ప్రమాణాలప్పుడు పూలగుత్తి పట్టుకుని పిన్ని వెనకాలే నిలబడింది నేనే కాబట్టి తరవాత జరిగింది నాకొక్కదానికే వినపడింది. కుడిచేతులు కలపమన్నారు పాస్టరుగారు. పిన్ని గ్లౌజు తీసింది. గోళ్ల చుట్టూ నలుపు ఉంది, ఇక వాసన సంగతి చెప్పక్కర్లేదు. ప్రభుదాసుగారు ఆ చెయ్యి అందుకుని, ఒక్క క్షణం ఆగారు. ఆయన తల వంచి చాలా మెల్లగా అడిగారు.

"ఎయిర్ పట్టిందా?"

పిన్ని తలెత్తకుండానే, "రబ్బరు పైపు. కోసి బిగించాం" అంది.

"మా నాన్న బోటుకీ అంతే."

ఏమన్నా అన్నారా అని పాస్టరుగారు అడిగారు. ప్రభుదాసుగారు 'ఆమేన్' అన్నారు. ముసుగు కింద పిన్ని భుజాలు నవ్వుతో కదలడం చూసి, పెళ్లికూతురు ఏడుస్తోందని ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

భోజనాల వేళకి పెళ్లికొడుకు నాన్నా మా నాన్నా కనపడలేదు. వెతికితే చర్చి వెనక నీడలో కారు బానెట్ ఎత్తి పెట్టుకుని ఇద్దరూ అందులోకి వంగి ఉన్నారు. ఆ పెద్దాయన బోటు ఇంజను కష్టాలు చెబుతున్నాడు, నాన్న మా కారు కష్టాలు చెబుతున్నాడు, ఎవరి కష్టాలు పెద్దవో తేలక ఇద్దరికీ ఆనందంగా ఉంది. విస్తళ్లు వేశారని అమ్మ రెండుసార్లు కబురు పంపింది. చివరికి ఆ పెద్దాయన ఊళ్లోంచి కొత్త పైపు ముక్క తెప్పించి తన చేత్తో బిగించేదాకా ఇద్దరూ అన్నానికి లేవలేదు. ఆ రోజు కుదిరిన ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

ఆ కారు ఇప్పుడు లేదు, నాన్నా లేడు. మా ఆయన కొన్న కారులో డ్యాష్‌బోర్డు మీద ఒక దీపం వెలుగుతుంది, అంతే, ఏమైందో చెప్పదు. పోయిన ఏడాది అద్దంకి రోడ్డులో అది ఆగిపోతే ఫోను చేశాం, ఎవరో వచ్చి బండెక్కించి తీసుకెళ్తామన్నారు. వాళ్లు వచ్చేదాకా ఏసీ లేకపోయినా అద్దాలు దించుకుని లోపలే కూర్చున్నాం, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ. తప్పు పట్టడం లేదు. ఆ కొత్త ఇంజన్లలో చెయ్యి పెట్టడానికి నాకూ భయమే, నడిరోడ్డు మీద చీర పాడుచేసుకోవడం గొప్ప సంగతీ కాదు. ఒక్క తేడా మాత్రం తెలుస్తూ ఉంటుంది. అప్పట్లో కారు ఆగితే అందులో ఉన్నవాళ్లందరం దిగేవాళ్లం. ఒకరు పైపు వంచితే ఒకరు పంపు కొట్టేవారు, చెయ్యి విరిగినవాడు కూడా రెండో చెయ్యి వేసేవాడు. మా ఇంట్లో ఎవరు ఎలాంటివాళ్లో నేను తెలుసుకున్నది చాలావరకు ఆగిపోయిన కారు పక్కనే. పిన్నీ బాబాయీ ఇద్దరూ రిటైరయ్యి సింగరాయకొండలోనే ఉన్నారు. వాళ్లింట్లో స్కూటరు పని చెయ్యకపోతే ఎవరు బాగుచెయ్యాలన్న దాని మీద ఇప్పటికీ పోట్లాడుకుంటారు, ఎవరికి వాళ్లు నేనే చేస్తానని.

పెళ్లిరోజు సాయంత్రం పిన్నిని అక్కడ వదిలి వస్తుంటే అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కారు స్టార్టు చెయ్యబోతుంటే పెద్దమావయ్య వ్యాను దగ్గర్నించి నడిచి వచ్చాడు. వ్యానులో ఇరుగ్గా ఉందే, నీ పక్కన చోటుందా అన్నాడు, ఎటో చూస్తూ. నాన్న దిగి వెనకసీట్లో అమ్మ పక్కన కూర్చున్నాడు. మావయ్య ముందుసీట్లో బిగదీసుకుని కూర్చుని, తలుపు పిడి పట్టుకుని, టంగుటూరు దాకా ప్రతి లారీని నాకంటే ముందు ఆయనే చూసి చెప్పాడు. ఒంగోలు దగ్గర చెప్పడం తగ్గించాడు. ఆ చప్పుడేంటి అని ఒకసారి అడిగాడు. గేరు మార్చానన్నాను. ఓహో అన్నాడు. ఎండ చల్లబడి, పొలాల మీదుగా గాలి వీస్తోంది. ఇంజను ఒకే పాటగా ఆడుతోంది. ఇంకొల్లు వచ్చేసరికి ఆయన చెయ్యి తలుపు పిడి వదిలేసింది. ఆ పాత సీటు వాలుకి మెల్లగా జారుతూ జారుతూ వచ్చి, నా భుజానికి తల ఆనించి, గుర్రుపెట్టి నిద్రపోయాడు. వెనక నుంచి నాన్న అమ్మకి సైగ చేసి చూపించడం అద్దంలో కనిపించింది. మావయ్య నా డ్రైవింగు గురించి తరవాత ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఆ గురకే చాలు. మావయ్యకి మెలకువ రాకుండా ఇల్లు చేరేదాకా గోతులన్నీ తప్పించుకుంటూ నడిపాను.